సెంటు బుడ్డి తీయించిన కారు

మా ఆయన సుకుమార్ రొయ్యలు కొని ఎగుమతి ప్లాంటుకు తోలే వ్యాపారి. కోట నుంచి వాకాడు దాకా ఎవరి రొయ్యల గుంటలో పట్టుబడి ఉన్నా, అంటే పంట తీస్తున్నా, గట్టు మీద ఆయన ఉండాల్సిందే. తూకం వేయించి, ఐసు కొట్టించి, సరుకు లారీకెక్కిస్తాడు. ప్లాంటు వాళ్లు డబ్బు వేశాక రైతుకు ఇస్తాడు. ఆ మధ్యలో రెండు వారాల పాటు రైతు చేతిలో మా ఆయన మాట తప్ప మరేమీ ఉండదు. ఇన్నేళ్లూ ఆ మాట సరిపోయింది.

నిరుడు సరిపోకుండా పోయింది. ఎక్కడినుంచో ఒకడు పెద్ద కారులో దిగాడు. అందరికంటే ఎక్కువ రేటు ఇస్తానన్నాడు. వాకాడు వైపు గుంటలన్నీ ఊడ్చినట్టు పట్టుకుపోయి, డబ్బివ్వకుండా ఫోను ఆపేసి మాయమయ్యాడు. దాన్నుంచి రైతులు ఏం నేర్చుకోవాలి? పెద్ద కారు చూసి నమ్మకూడదని కదా? మావాళ్లు అలా నేర్చుకోలేదు. వాడి కారు లోను మీద కొన్నదని తర్వాత తెలిసిందట. లోను కారు కాబట్టి వదిలేసి పారిపోయాడు, సొంత డబ్బుతో పెద్ద కారు కొన్నవాడైతే ఎక్కడికి పోతాడు అని గట్ల మీద కూర్చుని తేల్చేశారు. ఇప్పుడు వ్యాపారి ఎవరొచ్చినా ముందు కారు నంబరు ఫోనులో కొట్టి, లోను ఉందో లేదో చూస్తున్నారు. కారే లేనివాడి సంగతి చూడటానికి ఏమీ లేదు. మా ఆయనకున్నది మోటార్ సైకిలు.

చెంచురామయ్య మామ కూడా అదే మాట అన్నాడు. ఆయనకు వాకాడు దగ్గర నాలుగు గుంటలున్నాయి. నిరుడు నిండా మునిగినవాళ్లలో ఆయన మొదటివాడు. ఆయన ఎవరికి సరుకిస్తే ఆ చుట్టుపక్కల రైతులందరూ వాళ్లకే ఇస్తారు.

"నీ మీద నాకు అనుమానం లేదు సుకుమారూ. కానీ మళ్లీ ఎవురికో ఇచ్చి మోసపోయినాడని ఊళ్లో నవ్వుతారు. బండి మీద వొచ్చినోడికి నాలుగు గుంటలు ఎట్టా ఇస్తాం చెప్పు?" అన్నాడట.

మా ఆయన ఆ మాట ఇంటికొచ్చి చెప్పినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లలో ఒక్కరికి ఒక్క రూపాయి ఎగ్గొట్టామా? కానీ ఒళ్లు మండితే సరుకు రాదు. ఈ పంటలో సరుకు లారీలు సరిగా తోలకపోతే, తాము మాకు నడపడానికిచ్చిన ఐసు యార్డు వేరేవాళ్లకు ఇస్తామని ప్లాంటు మేనేజరు అప్పటికే చెప్పేశాడు. ఆ యార్డు పోతే మాకు వేరే బతుకుతెరువు లేదు. చెంచురామయ్య మామ గుంటలు పట్టుబడికి నెల కూడా లేదు. అందుకని నా చీటీ పాడేశాను. అదీ ఇదీ కలిపి ఎనిమిది లక్షలు కూడాయి. దాని మీద ఒక్క రూపాయి దాటినా లోను కావాలి. లోనంటే ఫోనులో కనపడిపోతుంది. కాబట్టి ఎనిమిది లక్షల్లోనే, చూడగానే కోటి రూపాయల మనిషిలా కనపడే కారు దొరకాలి. అలాంటిది పాతదే దొరుకుతుంది.

పాత కారు కొనేటప్పుడు ఏం చూసుకోవాలో మాకు ముగ్గురు నలుగురు చెప్పారు. అందరూ ఒకటే మాట అన్నారు, దెబ్బ తిన్న బండి అంటగడతారు జాగ్రత్త అని. అందుకే అల్లాబక్షును వెంటపెట్టుకుపోయాం. అల్లాబక్షు మా వైపు గుంటల మీద నీళ్లలో గాలి ఆడించే ఏరియేటర్లు, జనరేటర్లు బాగుచేస్తాడు. 

"నాకు ఇంజను చప్పుడు తెలుస్తాదన్నా, ఈ కంప్యూటర్ బండ్ల సంగతి తెలీదు" అని ముందే చెప్పాడు. తెలిసినవాణ్ణి పిలవాలంటే వాడికీ డబ్బివ్వాలి.

మొదటిది నెల్లూరులో ఒక డాక్టరు గారి కారు. నల్లగా నిగనిగలాడుతోంది. నాకు చూడగానే నచ్చింది. అల్లాబక్షు దాని ముందు లైటు పగిలితే కొత్తది ఎంతవుతుందని అడిగాడు. డాక్టరు గారి డ్రైవరు నిజం చెప్పాడు. అంత డబ్బుతోనే మేం మొన్న యార్డుకు జనరేటరు కొన్నాం. ముగ్గురం మారుమాట్లాడకుండా బయటికొచ్చేశాం.

రెండోది గూడూరులో ఒక కాంట్రాక్టరుది. తలుపు వేస్తే డబ్బాలో రాళ్లు పోసినట్టు మోగింది. అల్లాబక్షు కిందికి దూరి చూసి, ముందు భాగమంతా మార్చి రంగు వేశారని చెప్పాడు. కాంట్రాక్టరు అల్లాబక్షును నానా మాటలన్నాడు. ఆ కారూ వదిలేశాం. రోజులు దగ్గరపడుతున్నాయి. రాత్రిళ్లు నిద్ర పట్టక ఫోనులో కార్ల బొమ్మలు చూస్తూ పడుకునేవాడు. ఆ వెలుతురుకు నాకూ నిద్ర పట్టేది కాదు.

మూడోది ఫోనులో దొరికిందే. చెన్నపట్నం అవతల ఒక షెడ్డులో ఉంది. అమ్మేవాడి పేరు ముఖేష్. తెలుగు, తమిళం, హిందీ ఒకే మాటలో కలిపేస్తాడు. కారు తెల్లది. ముందు భాగంలో ఆ విదేశీ కంపెనీ గుర్తు వెండి పళ్లెంలా మెరుస్తోంది. లోపల సీట్లు కాఫీ రంగు తోలు. ఇలాంటివి బయట పన్నెండు, పదమూడు లక్షలు చెబుతున్నారు. వీడు మా ఎనిమిదికి లోపలే ఇస్తానంటున్నాడు. ఇంత తక్కువెందుకని మా ఆయన అడిగితే, "సార్ ఫారిన్ పోయేశాడు సార్, అర్జెంట్ సేల్" అన్నాడు. అల్లాబక్షు తలుపులు తీశాడు, వేశాడు, బోల్టులు చూశాడు, కిందికి దూరాడు, ఇంజను ఆన్ చేసి చెవి పెట్టి విన్నాడు. ఎక్కడా దెబ్బ లేదన్నాడు. నేను లోపలికెక్కి కూర్చున్నాను.

కూర్చోగానే తల తిరిగింది. మల్లెపూల సెంటు. ముందు అద్దం దగ్గర ఒక బుడ్డి, స్టీరింగు పక్కన ఒకటి, సీటు కింద ఇంకొకటి. సెంటంటే నాకు చిన్నప్పటినుంచీ పడదు. పెళ్లిళ్లలో కూడా పన్నీరు చల్లేవాళ్లను చూసి పక్కకు తప్పుకుంటాను.

"బాబూ, ముందు ఈ సెంటు బుడ్లు తీసెయ్. తలనొప్పి వస్తాంది" అన్నాను.

ముఖేష్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "ఉండనీండి మేడం, ఫ్రీనే" అన్నాడు.

"ఫ్రీ అయినా నాకొద్దు. తీసెయ్. అన్నీ తీసెయ్."

వాడు మెల్లగా ఒక్కొక్కటే తీశాడు. అద్దాలు దించి, కాసేపు గాలి ఆడనిచ్చి, మళ్లీ అద్దాలు ఎక్కించి, ఏసీ పెట్టించాను. తలుపు వేసుకుని గట్టిగా ఊపిరి పీల్చాను. తలనొప్పి తీసేసినట్టు పోయింది. "హమ్మయ్య, ఇప్పుడు మనింట్లో కూర్చున్నట్టుండాది" అన్నాను. వెనక సీట్లో కూర్చున్న అల్లాబక్షు కూడా ఊపిరి పీల్చి, "అవును వదినా, ఇప్పుడు హాయిగా ఉండాది" అన్నాడు. మా ఆయన స్టీరింగు మీద చేతులు వేసి కూర్చున్నాడు. ఇన్నాళ్లుగా బిగుసుకుపోయి ఉన్న ఆయన భుజాలు కిందికి దిగటం నేను చూశాను.

ముఖేష్ మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. బయటికెళ్లి ఒక సీసా నీళ్లు గడగడా తాగాడు. తిరిగొచ్చి, మేం అడగకుండానే ఇంకో ఇరవై వేలు తగ్గించాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. అక్కడికక్కడే డబ్బు కట్టి కారు తీసుకున్నాం. వచ్చేటప్పుడు వాడి పిల్లలకు పూతరేకుల డబ్బా కూడా ఇచ్చాను.

అల్లాబక్షు గూడూరులో దిగిపోయాడు. మేం కోట దారి పట్టకుండా నెల్లూరు దాకా పోనిచ్చాం. ఆ పట్టు నాదే. మా అక్క రేవతి నెల్లూరులో ఉంటుంది. మా బావ బ్యాంకులో ఆఫీసరు. అక్క మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ గుమ్మంలో అడుగు పెట్టకముందే కొంగు ముక్కు దగ్గరికి పోతుంది. వచ్చిన అరగంటకు ఎక్కడో ఒకచోట అగరొత్తి వెలుగుతుంది. రొయ్యల మేత, గుంట బురద, ఐసు యార్డు, మా బట్టలు అన్నీ ఒకటే వాసనని ఆమె బాధ. చెప్పదు. చెప్పకపోవడమే నాకు మంట. ఆమె అపార్ట్‌మెంటు కింద ఈ కారు ఆపి హారను కొడితే ఎలా ఉంటుందో దారంతా ఊహించుకున్నాను.

హారను కొట్టాం. అక్క కిందికి దిగింది. కారు చుట్టూ తిరిగింది. నిజంగానే సంతోషపడింది, నా చెయ్యి పట్టుకుంది. "ఒక రౌండు తిరిగొద్దువు రా" అని ముందు సీట్లో కూర్చోబెట్టాను. మా ఆయన కారు వీధి మలుపు దాటించాడో లేదో, అక్క కొంగు ముక్కుకు వచ్చేసింది.

"కామాక్షీ, అద్దాలు దించు. ఏందే ఈ కంపు? దీంట్లో గాని రొయ్యలు తోలినారా?"

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. "ఈరోజే కొన్న కారక్కా ఇది. దీంట్లో మేం కూర్చుని నాలుగు గంటలు గూడా కాలా. మా ఒంటి మీది కంపు గూడా నీకు అంత పడదా?"

"నేను మిమ్మల్ని అనలేదే. కారు..."

"కారేం చేసిందంట? ఎన్నేళ్లయినా మా గడప తొక్కేటప్పుడు ముక్కు మూసుకుంటానే ఉంటివి. మీకు నెలనెలా జీతం వొస్తాది. మాకు ఆ కంపే కూడు పెడతాంది."

మా ఆయన కారు ఆపేశాడు. అక్క దిగి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచి వెళ్లిపోయింది. కోటకు వచ్చే దారంతా నేను ఏడుస్తూనే ఉన్నాను. కోపంతో వచ్చిన ఏడుపు అది. మా ఆయన మాత్రం ఒక్కసారి అద్దం దించి, తల బయట పెట్టి, మళ్లీ లోపలికి పెట్టి వాసన చూశాడు. "నాకేం తెలీడంలే" అన్నాడు.

మర్నాటి నుంచి కారు మాకు భయం నేర్పింది. ఎడమ పక్క అద్దం దానంతటదే దిగింది. తలుపు సరిగా వేసినా వెయ్యలేదని ఎర్ర లైటు వెలిగింది. ఒక మధ్యాహ్నం అన్నం తింటున్నాం, రేకుల షెడ్డు కింద ఎవరూ లేని కారు గట్టిగా హారను కొట్టింది. మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పరుగెత్తుకెళ్లి బ్యాటరీ వైరు పీకేశాడు. చెంచురామయ్య మామ చూడటానికి వస్తానని కబురు పెట్టి ఉన్నాడు. ఆయన ముందు ఇలా అరిస్తే ఏం కావాలి? అల్లాబక్షు వచ్చి చూసి, ఇంజను బాగానే ఉంది, కరెంటు సంగతి తనకు అంతుపట్టడం లేదన్నాడు. నాకు అన్నం సయించడం మానేసింది.

అప్పుడు అక్క ఫోను చేసింది. నేను ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"కోపం ఉంటే ఉండనీ. నేను చెప్పేది విను. మీ బావకి చెప్పినా. తుఫాన్లో మునిగిన కార్లు కడిగి తక్కువకి అమ్మేస్తన్నారంట. స్టెప్నీ తీసి దాని కింద చూడమన్నాడు" అంది. నేను ఏమీ అనకముందే పెట్టేసింది.

మా ఆయన ఐసు యార్డుకు వెళ్లి ఉన్నాడు. నేను డిక్కీ తెరిచాను. పైన వేసిన కార్పెట్టు లాగి, కింద ఉన్న స్టెప్నీ టైరును రెండు చేతులా ఎత్తాను. టైరు కింద గుంతలో సన్నటి బురద ఎండి, పెచ్చులు పెచ్చులుగా పగిలి ఉంది. పంట తీసి ఎండబెట్టిన గుంట అడుగు అచ్చం అలాగే ఉంటుంది. ఇన్నేళ్లుగా నేను తొక్కుతున్న నేల అది. ఒక పెచ్చు తీసి వేళ్ల మధ్య నలిపాను. నాలుక మీద పెట్టుకున్నాను. గుంటలోకి కొత్త నీళ్లు తోడేటప్పుడు ఉప్పు ఎంతుందో మా వైపు ముందు నాలుకతోనే చూస్తాం, మిషను తర్వాత. ఉప్పు తగిలింది. దాని వెనక చేదు. ఉమ్మేసి, ఆ డిక్కీ అంచు మీదే కూర్చున్నాను.

అప్పుడు అర్థమైంది, మల్లెపూల సెంటు మూడు బుడ్లు ఎందుకు పెట్టాడో. దెబ్బ ఉందా లేదా అని ముగ్గురం కారంతా తడిమి చూశాం. పొద్దస్తమానం నీళ్లలో బతికే మేం, నీళ్ల సంగతి మాత్రం అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. పైగా ఆ బురద వాసన ముక్కుకు తగిలి, మనింట్లో కూర్చున్నట్టుందని మురిసిపోయాను. 

మా ఆయన వచ్చాక ఆయన అరచేతిలో ఆ పెచ్చు పెట్టాను. ఆయనా నాలుకకు రాసుకున్నాడు. వెంటనే ముఖేష్‌కు ఫోను చేశాడు. నేను లాక్కుని అరిచాను, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను.

వాడు అన్నీ విని, "మేడం, సెంటు తీసేయమన్నది మీరే కదా? వాసన చూసుకుని, బాగుందని తీసుకున్నారు. నేనేమన్నా దాచానా?" అన్నాడు. ఆ తర్వాత వాడి ఫోను మోగలేదు.

పట్టుబడి అయ్యేదాకా ఎలాగోలా నడిపిద్దాం, తర్వాత చూసుకుందాం అనుకున్నాం. మా ఆయన రోజూ కారు తుడిచేవాడు. తుడిచి, చేతులు పిసుక్కుంటూ దాని ముందు నిలబడేవాడు. నాకు ఆయన్ను చూస్తే భయమేసేది. యార్డు పోతుందని ఒక భయం, చీటీ డబ్బు పోయిందని ఇంకో భయం, ఈ మనిషి ఏమైపోతాడోనని అన్నిటికంటే పెద్ద భయం.

శనివారం పొద్దున చెంచురామయ్య మామ తన మోపెడ్ మీద వచ్చాడు. ఒక్కడే వచ్చాడు.

"నా మనవరాలు ఫోన్లో చూసిందిరా. లోను లేదంట గదా" అన్నాడు వస్తూనే. కారు చుట్టూ తిరిగాడు. ముందున్న కంపెనీ గుర్తును బొటనవేలితో రుద్దాడు. తలుపు తీసి, చెప్పులు బయట విప్పి, లోపల కూర్చున్నాడు. మా ఆయన అటు పక్క కూర్చుని ఏసీ వేశాడు. నేను తెరిచిన తలుపు దగ్గర నిలబడ్డాను. హారను మోగకూడదని మనసులో దేవుళ్లందరినీ తలుచుకుంటున్నాను.

మామ కళ్లు మూసుకుని ఊపిరి పీల్చాడు. "అబ్బయా, మనింట్లో కూర్చున్నట్టుండాదిరా సుకుమారూ" అన్నాడు.

నా మాటే. అక్షరం మారలేదు.

"గుంటలు నాలుగూ నీకే. ఇంక ఆ మాట అయిపోయింది" అన్నాడు మామ. "ఇంకోటి చెప్తా విను. ఈ కారు నాకియ్యి. నువ్వు ఇంకోటి చూసుకో. నువ్వు పెట్టినదాని మీద యాభై వేలు ఏసుకుని సరుకు డబ్బుల్లో కోసుకో. మీ పెద్దమ్మ పిచ్చమ్మని నెల్లూరు ఆస్పత్రికి తిప్పాల. బస్సులో అయితే నడుం పట్టుకుని ఏడస్తాంది. దీంట్లో పడుకుని పోతాది."

గుంటలూ మావే, చీటీ డబ్బూ వెనక్కి వచ్చేస్తుంది. పైన ఇంకో యాభై వేలు. ఆయన ముక్కుకు ఏమీ తెలియదు. పిచ్చమ్మత్త ముక్కుకూ తెలియదు, ఆమె పుట్టిందే గుంట గట్టు మీద. నేను గబగబా అటు పక్కకు తిరిగివెళ్లి, కిటికీలోంచి చెయ్యి పెట్టి మా ఆయన భుజం గట్టిగా గిల్లాను. సరే అను అని గిల్లాను. ఆ గిల్లుడుకు నేనిప్పుడు వేరే అర్థం చెప్పను.

మా ఆయన నా వైపు చూడలేదు.

"పెదనాయనా, ఇది మునిగిన కారు. చెన్నపట్నం తుఫాన్లో మునిగింది. మాకూ మోసం చేసి అమ్మినారు" అన్నాడు.

మామ నవ్వాడు. నవ్వి, ఇంకోసారి ఊపిరి పీల్చాడు. "మునిగిన కారు మునిగిన కంపు కొట్టదా? నాకు ముక్కు లేదా?" ఎవరూ నవ్వకపోయేసరికి ఆయన ముఖం మారిపోయింది. "ఓహో. ఇయ్యడం ఇష్టం లేదా? ఇయ్యనని చెప్పు, పోతాది. పెద్దోణ్ణి, నాకు కథలు చెప్పాలనా నువ్వు?"

"కథ గాదు పెదనాయనా..."

"నోరు మూసుకో. నిరుడు ఆ దొంగనాకొడుకు ఇట్టానే కథలు చెప్పినాడు, ఒకటి కాదు రెండు కాదు. నువ్వు వాడి మాదిరి గాదనుకున్నా. కారు కోసం అబద్ధమాడేవాడు రేపు తూకంలో ఆడడా?"

దిగాడు. చెప్పులు వేసుకున్నాడు. మోపెడ్ దగ్గరికి నడిచాడు. మా ఆయన స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. నిజం చెప్పినందుకు అబద్ధాలకోరు అయ్యాడు. కారు అమ్ముడుపోలేదు, గుంటలూ పోయాయి, ఈ ముసలాయన వాకాడు దాకా దారిలో కనపడిన ప్రతివాడికీ చెప్పుకుంటూ పోతాడు. డిక్కీ తెరిచి, స్టెప్నీ పక్కకు లాగి, చేతికందినంత బురద తీసుకుని పరుగెత్తాను. ఆయన మోపెడ్ స్టార్ట్ చేస్తుంటే చెయ్యి పట్టుకుని, అరచేయి విప్పి, అందులో పోశాను.

"నోట్లో పెట్టుకుని చూడు మామా. ముక్కుని నమ్మబాక. నాలిక్కి తెలుస్తాది."

ఆయన నన్ను చూశాడు, చేతిని చూశాడు. మోపెడ్ ఆపేశాడు. పెచ్చును చిదిమి, వేళ్ల మధ్య రుద్ది, నాలుక చివర పెట్టుకున్నాడు. చాలాసేపు ఉంచుకుని పక్కకు ఉమ్మేశాడు.

"ఇది మన నీళ్లు గాదు. ఉప్పులో మురుగు కలిసింది" అన్నాడు.

మళ్లీ వెనక్కి వచ్చాడు. కారులోకి తల పెట్టి, ముక్కు ఎగబీల్చాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. సీటు వెనకా, కిందా, కార్పెట్టు ఎత్తీ వాసన చూశాడు. తర్వాత తన భుజం మీది తువ్వాలు తీసి అదీ వాసన చూశాడు. "నాకేం తేడా తెలీడంలే కోడలా. నీకు?"

"నాకూ తెలీదు మామా. మా అక్క చెప్తేనే తెలిసింది."

ఆయన కారు తలుపును మెల్లగా మూశాడు. కాసేపు దాని మీదే చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. పిచ్చమ్మత్తను అందులో పడుకోబెట్టి, నెల్లూరు రోడ్డు మీద పోతూ ఉండటం ఆయన కళ్ల ముందు కనపడుతోందనుకుంటాను. నాకు కనపడింది. అద్దాలు దిగకుండా, తలుపులు తెరుచుకోకుండా ఎండలో నిలబడిపోయిన కారు. గిల్లినప్పుడు అది నాకు కనపడలేదు.

"సుకుమారూ, దీన్ని ఎవురికీ అమ్మబాక" అన్నాడు మామ. "మన వైపు ఎవురికి చూపించినా, బాగుండాదనే తీసుకుంటారు. వాళ్ల ముక్కులూ మన ముక్కులే. అమ్మినావని నాకు తెలిస్తే, నా గట్టు మీదికి రాబాక."

"అమ్మను పెదనాయనా" అన్నాడు మా ఆయన, వెంటనే. నన్ను ఒక్క మాట అడగలేదు. నా చీటీ డబ్బు మొత్తం ఆ ఒక్క మాటతో పోయింది. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఇన్నాళ్లకు గుండెల మీంచి ఏదో దిగినట్టూ అనిపించింది. మూడూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక కొంగుతో చేతి బురద తుడుచుకున్నాను.

మామ మోపెడ్ ఎక్కి, "సోమవారం చిన్న గుంట పట్టుకో. ఆ డబ్బు నా చేతిలో పడినాక మిగతా మూడిటి సంగతి చూద్దాం" అన్నాడు. కాస్త దూరం పోయి ఆగి వెనక్కి తిరిగాడు. "బండి మీదే రా. ఆ కారులో వొస్తే నా గట్టు మీద నిలబడనియ్యను."

సోమవారం మా ఆయన మోటార్ సైకిలు మీద వెళ్లాడు. చిన్న గుంట సరుకు లారీ ఎక్కిందని మధ్యాహ్నం ఫోను చేశాడు. ఇంక ప్లాంటు నుంచి డబ్బు రావాలి, అది మామ చేతిలో పడాలి, ఆ తర్వాత మిగతా మూడు. అప్పటిదాకా మాకు నిద్ర ఉండదు. తెల్ల కారు రేకుల షెడ్డు కింద అలాగే ఉంది. దాన్ని తుడవడం మానేశాడు.

ఆ ఫోను పెట్టేశాక నేను కారులో ఎక్కి తలుపు వేసుకుని కూర్చున్నాను. గట్టిగా ఊపిరి పీల్చాను. ఏ కంపూ లేదు. ఇల్లు, వంటగది, నా చీర, ఈ కారు, అన్నిటి వాసనా నా ముక్కుకు ఒకటే. మాకు తెలియకుండా ఈ ఇంట్లో ఇంకా ఏమేం కుళ్లిపోతున్నాయోనని ఒక్కసారిగా భయమేసింది. అక్కకు ఫోను చేశాను. ఈసారి ఆమె ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

"అక్కా, ఈ ఆదివారం రా. ముక్కు మీద కొంగు పెట్టుకోబాక. ఒక్కో గదిలోకి పోయి వాసన చూసి, ఏముందో నాకు చెప్పు" అన్నాను.